ఏరు వచ్చినప్పుడు, రానప్పుడు: పెన్నానది చరిత్రకు ఉపగ్రహచిత్రాల సాక్ష్యం

వ్యాససంగ్రహం

ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉండే నదుల స్థితిగతులను ఉపగ్రహచిత్రాల ద్వారా గమనించే పద్ధతి అర్ధశతాబ్దంగా అందుబాటులో ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లోని పెన్న, చిత్రావతి, పాపాఘ్ని నదుల విషయంలో ఈ చిత్రాలను చరిత్రాధారాలుగా ఎంతవరకు స్వీకరించవచ్చునో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉపగ్రహం నమోదు చేసే ‘ఎండిన నది’, ఆ నదిని నమ్ముకొని బతికినవారు ఎరిగిన నది ఒకటి కావని, శాసనాలతో, రెవెన్యూ దస్త్రాలతో, ప్రజావ్యవహారంలోని మాటలతో కలిపి చదివినప్పుడే ఈ చిత్రాలకు సాక్ష్యవిలువ ఏర్పడుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పెన్న, రేనాడు, ఉపగ్రహచిత్రాలు, ఊటకాలువలు, పోరుమామిళ్ళ శాసనం, గండికోట జలాశయం.

ఉపోద్ఘాతం

గోదావరి తీరంలో నది పారుతుంది. పెన్న ఒడ్డున ఏరు ‘వస్తుంది’. కడప జిల్లా పల్లెల్లో “ఏరు వచ్చింది”, “వంక వచ్చింది” అనే వాక్యాలు నిత్యవ్యవహారంలోనివి. ఈ క్రియాపదం పరిశోధకుడు ఆగి చూడవలసింది. వచ్చేది ఏదైనా మళ్ళీ పోతుంది. ఇక్కడి భాషలో నది చోటు మాత్రమే కాదు, ఒక సంఘటన కూడా. ఏడాది పొడుగునా పారే నదికి ‘జీవనది’ అనే మాట తెలుగులో స్థిరపడింది. దానికి ప్రతిగా, ఎండి మళ్ళీ వచ్చే నదికి అంతటి ప్రచారం గల ఒక్క పదం లేదు. పాఠ్యపుస్తకాల ‘వర్షాధార నది’ జనం నోట వినబడదు. మాట లేకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. ఈ సీమలో నదులన్నీ అటువంటివే అయినప్పుడు ప్రత్యేకించి చెప్పవలసిన అవసరం ఎవరికి?

ఈ స్వభావం పెన్నకే పరిమితం కాదు. మథిస్ మెసాజెర్, సహపరిశోధకులు 2021లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ప్రపంచంలోని నదుల మొత్తం పొడవులో 51 నుంచి 60 శాతం వరకు ఏడాదిలో కనీసం ఒకరోజైనా ప్రవాహం లేనివే. అంటే ప్రపంచస్థాయిలో సాధారణ నది పెన్న వంటిదే. గోదావరి వంటిది కాదు. అయినా నదుల చరిత్ర అనగానే ఆనకట్టలు, డెల్టాలు, నావలు గుర్తుకు రావడం తెలుగు చరిత్ర రచనకు అలవాటైంది. ఎండిన నదికి చరిత్ర రాయాలంటే ఆధారాలెక్కడ? ఇటీవల ఈ ప్రశ్నకు చాలామంది చూపే జవాబు ఉపగ్రహచిత్రం.

పేర్లలో, రాళ్ళలో నీరు

కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలిసే పెన్నకు ఉత్తరపినాకిని అని సంస్కృతనామం. దాని పరీవాహక ప్రాంతం సుమారు 55 వేల చదరపు కిలోమీటర్లు. గండికోటకు ఎగువన చిత్రావతి, కమలాపురం ప్రాంతంలో కుందేరు, పాపాఘ్ని, మరింత దిగువన చెయ్యేరు, సగిలేరు ఇందులో కలుస్తాయి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణాలు దీని ఒడ్డున వెలిసినవే.

జమ్మలమడుగు పూర్వరూపం జంబులమడుగు అని, జంబు అనే నీటిరెల్లు పెరిగిన మడుగు కారణంగా ఆ పేరు వచ్చిందని ప్రసిద్ధమైన వివరణ. ఎండే ఏటిలో మడుగు చాలా విలువైన చోటు. ప్రవాహం ఆగిపోయిన తర్వాత కూడా నీరు నిలిచే గుంట అది. పశువులకూ బాటసారులకూ అదే ఆధారం. ఆ వ్యుత్పత్తిని అంగీకరిస్తే ఊరిపేరే ఒక జలనమోదు అవుతుంది. ఎక్కడ నీరు పారిందో కాక, పారుదల ఆగిన తర్వాత ఎక్కడ నిలిచిందో ఆ పేరు చెబుతుంది. ఏ ఉపగ్రహమూ లేని కాలంలో ఇంతకంటే క్లుప్తమైన సమాచారం దొరకదు.

ఈ ప్రాంతం రేనాటిచోళుల రేనాడు. తొలి తెలుగుశాసనంగా పండితులు పరిగణించే ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కలమళ్ళ శాసనం (క్రీ.శ. 575 ప్రాంతం) దొరికింది ఎర్రగుంట్ల పరిసరాల్లోనే. అయితే నీటి గురించి ఈ జిల్లా విడిచిన రాతలలో మిన్న పోరుమామిళ్ళ చెరువు శాసనం. శకసంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369లో, మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళపాటు పనిచేయగా చెరువు పూర్తయిందని అందులో ఉంది. చెరువు నిర్మాణానికి పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను అది లెక్కిస్తుంది. తీపినీటిని తెచ్చే నది, విశాలమూ లోతూ గల గర్భం, నిర్మాణంలో నేర్పరులైన పనివారు సాధనాల్లో చేరినవి. నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం దోషాల్లో ఉన్నాయి.

ఈ శాసనాన్ని ధర్మకార్యప్రశస్తిగా చదవడమే ఎక్కువ. అది నీటిని కొలవడం ఎలాగో చెప్పే పాఠం కూడా. గర్భం విశాలమై ఉండాలి, లోతుగానూ ఉండాలి అని రెండు విశేషణాలు విడివిడిగా చెప్పడంలో అర్థముంది. ఉపగ్రహచిత్రం సూటిగా కొలవగలిగేది వీటిలో మొదటిదాన్ని మాత్రమే.

పటం నుంచి చిత్రానికి

1800లో నిజాము దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తర్వాత థామస్ మన్రో, కాలిన్ మెకంజీల ఆధ్వర్యంలో ఈ నేలను కొలిచే పని మొదలైంది. మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులలో కడప జిల్లాకు చెందినవాటిని సి.పి.బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రం సంపుటాలుగా వెలువరించింది. గ్రామాల పుట్టుకతో పాటు చెరువులు, కాలువలు, మాన్యాల ప్రస్తావనలుండే ఈ కైఫీయత్తులు నీటిచరిత్రకు ఇంకా తగినంతగా వినియోగం కాలేదు.

తర్వాతికాలపు సర్వే ఆఫ్ ఇండియా పటాలు ఎండిన ఏటిని నల్లగీతలతోనూ, నీరున్న ఏటిని నీలంతోనూ చూపాయి. రంగు ఒకసారి ముద్రితమైతే మళ్ళీ సర్వే జరిగేదాకా మారదు. పటానికి కాలం లేదు. పెన్న వంటి నది ఒకే సంవత్సరంలో నల్లగానూ నీలంగానూ ఉంటుందన్న సంగతిని పటం చెప్పలేదు.

ఆ కాలాన్ని తెచ్చినవి ఉపగ్రహాలు. 1972 జులై 23న అమెరికా ప్రయోగించిన తొలి లాండ్‌శాట్ ఉపగ్రహపు ప్రధాన సాధనం నేలమీద సుమారు 80 మీటర్ల చదరాన్ని ఒక పిక్సెల్‌గా చూసేది. 1982 నాటి లాండ్‌శాట్-4తో అది 30 మీటర్లకు తగ్గింది. భారత రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహాల్లో మొదటిదైన ఐఆర్‌ఎస్-1ఎ 1988 మార్చి 17న బైకనూర్ నుంచి కక్ష్య చేరింది. 22 రోజులకొకసారి అదే చోటికి తిరిగి వచ్చేది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఈ చిత్రాలకు కేంద్రమైంది. రాయలసీమవంటి కరువుసీమల మీద ఈ చూపు మొదట పడింది నదులకోసం కాదు. 1986లో మొదలైన జాతీయ తాగునీటి మిషన్ కింద ఏ బండ కింద నీరు దొరుకుతుందో సూచించే జిల్లాపటాలు తయారయ్యాయి. 1989 నుంచి పైర్ల పచ్చదనాన్ని బట్టి కరువును అంచనావేసే జాతీయ వ్యవస్థ పనిచేసింది. బోరు ఎక్కడ వేయాలి, ఏ మండలాన్ని కరువుమండలంగా ప్రకటించాలి అన్నవి ఆనాటి ప్రశ్నలు. ఏరు ఎన్నాళ్ళు పారిందన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది.

2008లో లాండ్‌శాట్ భాండాగారం మొత్తం ఉచితం కావడంతో పరిస్థితి మారింది. ఐరోపా సంఘపు ఉమ్మడి పరిశోధన కేంద్రానికి చెందిన పెకెల్ బృందం 1984 నుంచి 2015 వరకు తీసిన సుమారు 30 లక్షల చిత్రాలను పరిశీలించి, ప్రపంచంలో ఉపరితలజలం ఎక్కడ, ఏ నెలలో కనిపించిందో 2016లో పటంగా ప్రకటించింది. 2015, 2017లలో సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు వచ్చాక 10 మీటర్ల పిక్సెల్‌తో అయిదురోజులకొక చిత్రం దొరుకుతోంది. ఇప్పుడు కళాశాలలోని కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థి ప్రొద్దుటూరు వంతెన దగ్గర పెన్నను నెలనెలా చూడవచ్చు.

పిక్సెల్‌కు కనిపించేది

పద్ధతి చిన్నదే. నీరు ఆకుపచ్చ కాంతిని కొంత వెనక్కి పంపి, పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా మింగేస్తుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే నీటిసూచిక వస్తుంది. 1996లో మెక్‌ఫీటర్స్ ప్రతిపాదించిన ఈ సూచికను 2006లో షు సవరించాడు. విలువ హద్దు దాటితే నీరు, దాటకపోతే నేల. చెరువులకు, పెద్ద జలాశయాలకు ఇది చక్కగా సరిపోతుంది. పెన్న దగ్గరికి వచ్చేసరికి చిక్కులు మొదలవుతాయి.

మొదటి చిక్కు నేలది. గండికోట దగ్గర నది నిటారు బండల మధ్య లోతైన లోయలో పారుతుంది. ఆ బండల నీడ సూచికకు నీరులా కనిపించవచ్చు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టూ ఉన్న నల్లరేగడి వానకు తడిస్తే పరారుణంలో చీకటిగా మారి పాతచిత్రాల్లో నీటితో కలగలిసిపోతుంది. వందల మీటర్ల వెడల్పున్న ఇసుకలో ఒక పక్కగా నాలుగైదు మీటర్ల పాయ పారుతుంటే 30 మీటర్ల పిక్సెల్‌లో ఇసుకే గెలుస్తుంది. ఊళ్ళో వాళ్ళు బట్టలుతుక్కుంటున్న ఏరు దస్త్రంలో ఎండినదిగా నమోదవుతుంది.

రెండో చిక్కు కాలానిది. చరిత్రకారునికి అసలు చిక్కు ఇదే. ఏరు మూడురోజులు వచ్చి పోయిందనుకుంటే, పదహారు రోజులకొకసారి చూసే ఉపగ్రహం ఆ మూడురోజుల్లో పైన ఉండే అవకాశం పదహారింట మూడువంతులు, అంటే అయిదింట ఒకటి కూడా కాదు. అప్పుడైనా ఆకాశం తేటగా ఉండాలి. పెన్నకు పెద్దనీళ్ళు సాధారణంగా సెప్టెంబరు, నవంబరు మధ్య, తుపానులతో, మబ్బులతో వస్తాయి. మబ్బు కమ్మిన దృశ్యం లెక్కలోకి రాదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజులే చిత్రానికి అనుకూలం. ఏరు ఎండి ఉండే రోజులూ ఎక్కువగా అవే. అందువల్ల ఈ భాండాగారంలోని లోపం యాదృచ్ఛికం కాదు. అది ఒకే దిక్కుకు వాలి ఉంది. ఎండుదనాన్ని పదేపదే చూస్తుంది, రాకను తప్పిస్తుంది. పాతపరిపాలనా దస్త్రాలు శిస్తు కట్టినవాళ్ళనే ఎక్కువగా చూశాయని చరిత్రకారులు ఎరుగుదురు. చిత్రాల భాండాగారానికీ అటువంటి పక్షపాతమే ఉంది. దాన్ని యంత్రం కనుక తటస్థమని భావించడం పొరపాటు.

మబ్బును చీల్చుకొని చూసే రాడార్ ఉపగ్రహాలు దీనికి మందు అంటారు. 2014 నుంచి సెంటినెల్-1, 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఆ కోవలోనివి. అది నిజమే కాని, నున్నని నీటితలం రాడార్ తరంగాన్ని పక్కకు తోసేసి చిత్రంలో నల్లగా కనిపించినట్లే, చదునైన ఎండుఇసుక కూడా చాలాసార్లు నల్లగానే కనిపిస్తుంది. పెన్నలో ఇసుకకు కొదవ లేదు.

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటిపై రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. దిగువన పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి గ్రామాలు దెబ్బతిన్నాయి. పదుల సంఖ్యలో ప్రాణనష్టం జరిగింది. ఆ నీరు గంటల వ్యవధిలో వచ్చి వెళ్ళింది. రోజుల తర్వాత తేటపడిన ఆకాశం కింద తీసిన చిత్రంలో కనిపించగలిగేది పొలాల మీద పరుచుకున్న ఇసుక. చిత్రం వరదకు కాదు, వరద విడిచిన దానికి సాక్షి. ఆ రాత్రి ఏమి జరిగిందో బతికి బయటపడినవారి మాటల్లోనే ఉంది.

నీలిమచ్చ ఎవరి నీరు?

జమ్మలమడుగు ప్రాంతపు చిత్రాలను వరుసగా చూసేవారికి కొట్టొచ్చినట్లు కనిపించేది గండికోట వెనుక పెరిగిన నీలిమచ్చ. దాదాపు 27 టి.ఎం.సి.ల సామర్థ్యంగల ఆ జలాశయంలో 2020లో నిలువ పెరిగినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వంటి గ్రామాలు ముంపులోకి వెళ్ళాయి. దానికి దిగువన మైలవరం జలాశయం, పడమట చిత్రావతిపై పార్నపల్లె దగ్గర సమతుల్య జలాశయం ఉన్నాయి. పెకెల్ బృందపు పటం వంటి పటాలలో ఇలాంటి చోట్లు ‘కొత్తగా ఏర్పడిన జలం’ అనే వర్గంలోకి వస్తాయి. ఆ వర్గీకరణలో తప్పు లేదు. దాన్ని చూసి పెన్నకు నీరు పెరిగిందంటే మాత్రం తప్పు.

గండికోటలో నిలిచే నీటిలో ప్రధానభాగం పెన్నది కాదు, కృష్ణది. శ్రీశైలం వెనుకజలాలు పోతిరెడ్డిపాడు, బానకచర్ల, గోరకల్లు, అవుకు మీదుగా గాలేరు-నగరి కాలువలో ఇక్కడికి చేరతాయి. ఇక్కడినుంచి కొంతనీటిని ఎత్తిపోతల ద్వారా పార్నపల్లెకు పంపి పులివెందుల ప్రాంతానికి అందిస్తారు. చిత్రావతి పెన్నవైపు దిగివస్తే, నీరు పెన్ననుంచి చిత్రావతివైపు ఎక్కుతుంది. ఏటికి ఎదురీదడమంటే ఇదే కాబోలు. పరాయి నదినీరు పెన్నాలోయకు రావడం కొత్త కూడా కాదు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో తవ్వించి, నష్టాలపాలై, 1882లో ప్రభుత్వం కొన్న కర్నూలు-కడప కాలువ సుంకేసుల నుంచి తుంగభద్రజలాలను కుందేటిలోయ మీదుగా కడపదాకా తెచ్చింది. అంటే ఉపగ్రహాలు పుట్టడానికి నూరేళ్ళ ముందే ఈ లోయలోని పచ్చదనం కొంత అరువుది.

మైలవరం దగ్గర ఇంకొక విశేషముంది. వేసవిలో దిగువ పట్టణాల తాగునీటి బావులకోసం జలాశయం నుంచి పెన్నలోకి నీరు వదిలే వాడుక ఉంది. ఆ నీరు ఇసుకను తడుపుతూ ప్రొద్దుటూరు వైపు సాగుతుంది. ఏప్రిల్ చిత్రంలో సన్నని నీలిరేఖ కనిపిస్తే దాని వెనుక ఉన్నది వాన కాకపోవచ్చు. ఒక అర్జీ, ఒక ధర్నా, ఒక అధికారి సంతకం కావచ్చు. చిత్రంతోపాటు గేటు ఎత్తిన తేదీలున్న నీటిపారుదల దస్త్రాన్ని చదవకపోతే మనుషుల నిర్ణయం ప్రకృతివిలాసంగా చరిత్రకెక్కుతుంది.

ఇసుక కింది ఏరు

చివరికి చెప్పవలసింది ఉపగ్రహానికి ఏమాత్రం కనిపించని నీటిని గురించి. పెన్న పైన ఎండినా ఇసుకలో ఊట ఉంటుంది. ఇసుక తోడి చేసిన చెలమలో కాసేపటికి తేటనీరు చేరుతుంది. పల్లెవాసులకు తాగునీరు అదే. అదే ఊటను సేద్యానికి మళ్ళించినవి ఊటకాలువలు. ఏటిగర్భంలో ఇసుకను లోతుగా చీల్చి, నీరు ఊరిన కాలువను మెల్లగా వాలుకు నడిపి ఒడ్డునున్న మాగాణికి ఎక్కించేవారు. ఏరు వచ్చినప్పుడల్లా ఇసుక పూడుకొనేది. తర్వాత ఊరంతా కలిసి మళ్ళీ తవ్వేవారు. మద్రాసు రాష్ట్రపు రెవెన్యూ లెక్కల్లో ఇవి చెరువులు, నదీకాలువలతో పాటు ప్రత్యేకవర్గం. ఈ సామూహికశ్రమకు కుడిమరామత్తు అని పేరు. ఆ వాడుక సడలుతోందని గుర్తించిన ప్రభుత్వం 1858లో నిర్బంధశ్రమ చట్టాన్ని తెచ్చి దాన్ని చట్టబద్ధం చేసింది. స్వచ్ఛందంగా సాగినంతకాలం దస్త్రాలకెక్కని పని, శిక్షార్హమైన తర్వాత దస్త్రాల్లో దర్శనమివ్వడం గమనార్హం.

ఊటకాలువల రైతుకు ఎండిన ఏరు నిరుపయోగం కాదు. అది పనిచేసే ఏరు. ప్రవాహం ఉన్నరోజుల్లో తవ్వకం సాగదు. ఉపగ్రహపు వర్గీకరణలో ‘జలరహితం’ అయిన పిక్సెలే అతని జలవనరు. ఈ తలకిందుల సంబంధాన్ని గమనించకుండా నీటి పిక్సెళ్ళను లెక్కించి పెన్న ఆరోగ్యాన్ని నిర్ధారించడం, నిద్రలో ఉన్నవాణ్ణి పలకలేదని చనిపోయినవాడి కింద జమకట్టడం వంటిది.

భూమ్యాకర్షణలోని మార్పును బట్టి భూగర్భజలాన్ని అంచనా వేసే గ్రేస్ ఉపగ్రహాలు 2002 నుంచి పనిచేశాయి. వాటి చూపు వందల కిలోమీటర్ల వెడల్పుది. ఒక ఏటి ఇసుక వాటికి ఆనదు. పరోక్షమార్గాలు కొన్ని లేకపోలేదు. తడి ఇసుక పొడి ఇసుకకంటే చల్లగా, పరారుణంలో మరింత చీకటిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అంతా ఎండిపోయినప్పుడు ఏటివెంట మిగిలిన పచ్చనిచార కింది నీటి జాడను పట్టిస్తుంది. అయితే ఆ పచ్చదనం చాలాచోట్ల వరిమడిది కాదు, ఏటిలోకి చొరబడిన సర్కారుకంపది. పచ్చగా ఉన్నదల్లా శుభమని చెప్పడానికి వీల్లేదు. ఇసుక తవ్వకాలు ఇంకొక మెలిక పెట్టాయి. లోతుగా తవ్విన గోతిలో ఊట బయటపడి మడుగు కట్టినప్పుడు సూచిక దాన్ని నీరుగా లెక్కిస్తుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం నదుల్లో ఇసుక తవ్వకాన్ని నియంత్రించబూనింది ఊటను కాపాడటానికే. ఊట గాయపడిన చోటు చిత్రంలో ‘నీరు పెరిగిన’ చోటుగా నమోదు కావడం కంటే విపర్యాసం వేరే అక్కరలేదు. జంబులమడుగులోని మడుగునూ, ఈ గోతిలోని మడుగునూ వేరుచేసి చూపగల సూచిక లేదు. ఆ తేడా ఒడ్డుమీది మనుషులకు తెలుసు.

పాతసెటిల్‌మెంటు రిజిస్టర్లలో ఊటకాలువల పేర్లు, అవి ఏ గ్రామం ఎల్లలో మొదలై ఏ సర్వేనంబర్లకు పారేవో ఉంటాయి. వాటి తలకట్టులను గ్రామపటాల మీద గుర్తించి, వేసవి చిత్రాల్లోని పచ్చనిచారలతోనూ చల్లనిచోట్లతోనూ పోల్చడం చేయదగిన పని. దానికి కావలసింది పెద్ద ప్రయోగశాల కాదు. తెలుగు దస్త్రం చదవగలిగినవారు, చిత్రం చదవగలిగినవారు ఒకచోట కూర్చోవాలి. ఆ కాలువలను చివరిసారి తవ్వినవారి తరం ఇంకా కొన్ని ఊళ్ళలో మిగిలి ఉండవచ్చు. చిత్రాలు భాండాగారంలో భద్రంగా ఉంటాయి, వాటికి తొందర లేదు. ఫలానా వంక కలిసేచోట ఎన్ని మూరలు తవ్వితే ఊట పడేదో చెప్పగలిగినవారి విషయం అలాంటిది కాదు.